తొమ్మిదిన్నరకి ఆ తలుపు

కెనడాలోని విన్నిపెగ్. జనవరి నెల సాయంత్రం. ఒరెస్ట్ ఇల్లు. నేల కింది గదిలో ఆయన కొడుకు మైరన్, రెండు నెలల కిందట పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొలెట్.

“మైరన్! ఆ అద్దె ఇల్లు మనకే ఇచ్చారు! ఇప్పుడే ఫోన్ చేశారు! మూడో అంతస్తు, కిటికీలోంచి నది కనిపిస్తుందే, అదే! ఒకటో తారీఖు నుంచి మనదే!”

“నిజంగా? అబ్బ! కానీ మెల్లగా... మెల్లగా చెప్పు. పైన నాన్న ఉన్నాడు.”

“విననీ! ఎందుకు మెల్లగా? రెండు నెలల్నించీ మెల్లగానే కదా బతుకుతున్నాను. మెల్లగా నవ్వు, మెల్లగా నడువు, మెల్లగా...”

“మంచి కబురు వచ్చింది కదా కొలెట్, ఇప్పుడు గొడవెందుకు?”

“గొడవా? నేనా గొడవ? బూట్లు హీటర్ దగ్గర పెడితే తిట్లు. తీసి అవతల పెడితే నేల తడిసిందని తిట్లు. మొన్న మీ ఇంటి బీట్‌రూట్ సూప్, పుస్తకం చూసి మూడు గంటలు నిలబడి చేశానా? తాగి ఏమన్నారు మీ నాన్నగారు?”

“ఏమీ అనలేదే.”

“అదే! ఏమీ అనలేదు! రెండు గిన్నెలు తాగి, లేచి, గిన్నె మీద మూత వంకరగా ఉందన్నారు!”

“ఆయన తీరే అంత.”

“మరి ఆ వీధి తలుపు? రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి దబ్బు! అప్పుడే కళ్లు మూస్తానా, దబ్బు! మళ్లీ పొద్దున్న అయిదింటికి దబ్బు! సరిగ్గా మన నెత్తి మీదే. కావాలనే కదా? చెప్పు, కావాలనే కదా?”

“చలికి తలుపు బిగుసుకుపోతుంది. గట్టిగా లాగితే గానీ పడదు.”

“అసలు ఇంత చలిలో ఆ వేళప్పుడు తలుపు తీయాల్సిన పనేంటి ఆయనకి?”

“ఏమో. అడగలేదు.”

“నువ్వేదీ అడగవు. ఒక్క మాట చెప్పనా? నువ్వు చేసే ఆ ఒక్క పని వల్లే ఈ ఇంట్లో ఉండగలిగాను. లేకపోతే డిసెంబర్లోనే మా అమ్మ దగ్గరికి పోయేదాన్ని.”

“ఏ పని?”

“ఏ పనంటావేంటి? కారు!”

“కారేంటి?”

“ఎక్కువ చేయకు. ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చేసరికి నాలో ప్రాణం ఉండదు. కారు అలా వదిలేసి లోపలికొచ్చి పడతాను. మైనస్ ముప్ఫై అయిదు! ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రంతా దాని హీటర్‌కి కరెంటు ప్లగ్ పెట్టకపోతే పొద్దున్న ఆ బండి కదులుతుందా? బండి కదలక ఒక్క రోజైనా ఆగిపోయానా నేను? వెళ్లేసరికి ముందు అద్దం మీద మంచు గీకేసి ఉంటుంది, తీగ చక్కగా చుట్టేసి ఉంటుంది... ఏంటలా చూస్తావు?”

“కొలెట్... అది నేను కాదు.”

“ఏది కాదు?”

“నేనెప్పుడూ ప్లగ్ పెట్టలేదు. నువ్వే పెట్టుకుంటున్నావనుకున్నా.”

“మరి రోజూ పొద్దున్న వెళ్తూ వెళ్తూ నీకు ముద్దు పెట్టి పోతున్నానే!”

“అది... కొత్త పెళ్లాం కదా, ప్రేమనుకున్నా.”

“ప్లగ్గుకి! ప్లగ్గు పెట్టినందుకు!”

“అన్నీనా?”

“అన్నీ!”

“ఒక్కటి కూడా ఉత్తి ముద్దు కాదా?”

“నాకు ఒళ్లు మండుతోంది మైరన్, నవ్వించకు. మరి ఎవరు? నువ్వు కాక, నేను కాక... తొమ్మిదిన్నరకి... మళ్లీ అయిదింటికి...”

“నాన్న!”

“మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలైనా కాలేదు ఆయనకి.”

“తెలుసు.”

“తెలుసా? తెలిసీ నువ్వు దుప్పటి ముసుగేసుకుని...”

“ఆ ముసుగులో నువ్వూ ఉన్నావుగా!”

“మాట్లాడకు. మామయ్యా! మామయ్యా, ఒక్కసారి ఇలా రండి!”

“ఏంటా కేకలు? ఇల్లు కూలిందా? మెట్ల మీద లైటు ఎవరు ఆర్పలేదు?”

“లైటు సంగతి తర్వాత. నా కారుకి ప్లగ్ పెట్టేది మీరేనా?”

“ఏ కారు?”

“తెలియనట్టు మాట్లాడకండి. మీరేనా, కాదా?”

“ఎవరో ఒకరు పెట్టాలిగా. తీగ మంచులో పడేసి పోతావు. గడ్డకట్టి ఫట్‌మని విరుగుతుంది.”

“నాకు చెప్పొచ్చుగా!”

“చెబితే? వీణ్ని పంపిస్తావు. వీడు తలుపు సరిగా వేయడు.”

“ఆ మోకాలితో! ఆ జారుడు మంచులో! పడితే? అయిదింటికి పడితే ఎవరు చూస్తారు? మీకసలు బుద్ధుందా మామయ్యా?”

“చూశావురా, నీ పెళ్లాం నన్ను తిడుతోంది.”

“తిట్టనీ నాన్నా. ఈ ఇంట్లో నువ్వొక్కడివే తిట్టాలా?”

“ఊఁ. ఇందాక ఫోనెవరు?”

“ఎవరూ లేదు నాన్నా, ఊరికే...”

“దాచకు మైరన్. ఇల్లు దొరికింది మామయ్యా. ఒకటో తారీఖున వెళ్లిపోతున్నాం. మీకు చెప్పకుండా వెతికాం.”

“ఓ. మంచిదే. కొత్త జంటకి వేరే ఇల్లుండాలి. కారెక్కడ పెడతారు?”

“వెనకాల. మాకంటూ ఒక చోటిస్తారట.”

“ప్లగ్ ఉందా?”

“ఉందన్నారు.”

“అన్నారు! ప్లగ్ ఉంటే సరిపోయిందా? అందులో కరెంటుండాలా వద్దా? సంతకం ఎప్పుడు?”

“రేపే. నా డ్యూటీ అయ్యాక, నాలుగింటికి.”

“నేనూ వస్తా. టెస్టర్ పెట్టి చూసేదాకా ఎవరూ కలం ముట్టుకోవద్దు. ఏంటమ్మాయ్, ఏడుస్తున్నావా? మెట్ల మీద కూర్చోకు, మంచులా ఉంటాయి.”

“ఏడవట్లేదు. నాకు కోపంగా ఉంది! నాలుగింటికి రండి, సరే. కానీ ఇది వినండి. ఇవాళ తొమ్మిదిన్నరకి మైరన్ వెళ్తాడు. తలుపెలా వేయాలో మీరే నేర్పండి. రేపు పొద్దున్న అయిదింటికి మళ్లీ ఆ తలుపు దబ్బుమంటుంది. అది నేను. మీరు మంచం దిగారో, చూడండి మరి!”