గురువారమ్మ గారి ఇరవయ్యో సంతకం

పంతొమ్మిది వందల తొంభై నాలుగవ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, ఒక చేతిలో నియామక పత్రంతో, మరొక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగుతో మా విశ్వవిద్యాలయ విద్యార్థి సంక్షేమ విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన శ్రీమతి గురువారమ్మ గారు, ముప్పై ఒక్క సంవత్సరాల సుదీర్ఘ సేవానంతరం, ఈ జూలై ముప్పై ఒకటవ తేదీన, అదీ గురువారం నాడే, సూపరింటెండెంటు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. నియామక పత్రంలో ఉన్న పేరు వేరు. ఆ పేరుతో పిలిస్తే ఆమే ఒక్క క్షణం ఎవరినా అన్నట్టు చూస్తారు గనుక, ఈ ప్రత్యేక సంచికలోనూ అలవాటైన పేరునే వాడుతున్నందుకు పాఠకులు మన్నింతురు గాక.

ప్రతి గురువారం సాయంత్రం నాలుగు గంటలకు మేడ మీది పొడవాటి హాలులో జరిగే ప్రపంచ వార్తల గోష్ఠికి ఏర్పాట్లు చూడడం ఆమెకు అప్పగింపబడిన తొలి బాధ్యత. మొదటి అరగంట భూగోళం మాస్టారు గోడపటం ముందు నిలబడి ఆ వారం లోకంలో జరిగిన సంగతులను వివరించేవారు; రెండో అరగంట ఏ దేశంలో ఏ చదువుకు ప్రవేశాలున్నాయో, ఏ ఉపకారవేతనానికి ఆఖరు తేదీ ఎప్పుడో చదివి వినిపించేవారు. నోటీసు రాయడం, కుర్చీలు వేయించడం, పటం తగిలించడం, హాజరు పుస్తకం తిప్పడం, ఇంతవరకే గురువారమ్మ గారి పని. వినడం ఆ పనిలో భాగం కాదు. కానీ పడమటి కిటికీలోంచి వాలుటెండ పటం మీదికి జారి సముద్రాలన్నీ వెచ్చని నీలిరంగులోకి మారుతున్న వేళ, ఫ్యాను గాలికి ఖండాలు మెల్లమెల్లగా ఊగుతున్న వేళ, ఆమెకు కాళ్ళు కదిలేవి కావు. మాస్టారి చేతికర్ర ఏ ఓడరేవు దగ్గర ఆగితే ఆమె మనసు అక్కడే దిగిపోయేది. పేరు పలకడం కూడా రాని ఊళ్ళ వంతెనల మీద నడిచేది. ఎన్నడూ చూడని గ్రంథాలయాల బరువైన తలుపులు తోసుకుని లోపలికి వెళ్ళి, ఎవరూ కూర్చోని ఒక కుర్చీ వెతుక్కునేది. వెనక గోడకు ఆనుకుని కళ్ళు సగం మూసుకున్న ఆమెను చూసి, పాపం నిలబడే నిద్రపోతోందని జాలిపడినవారు కూడా లేకపోలేదు.

చేరిన మూడో నెలలోనే ఒక ఘనకార్యం జరిగింది. ఒక విదేశీ ఫెలోషిప్ గురించి నోటీసు రాయవలసి వచ్చి, అచ్చంగా తెలుగులోనే ఉండాలన్న పట్టుదలతో ఆమె నిఘంటువు తిరగేశారు. మర్నాడు బోర్డు మీద, గుండ్రని అక్షరాలతో, "విదేశమందు ఆరు నెలల సహవాసమునకు అర్హులైన యువతీయువకుల నుండి దరఖాస్తులు కోరడమైనది" అన్న ప్రకటన వెలసింది. ఇంకేముంది! ఆ సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. "మేడమ్, ఫొటో ఒకటి చాలా, రెండు పెట్టాలా?" అని ఒకడు, "ఆరు నెలల తర్వాత నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చా?" అని మరొకడు. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

భూగోళం మాస్టారు మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఊరుకోమ్మా, నవ్వడానికైతేనేం, వచ్చారు కదా! వచ్చినవాళ్ళని ఊరికే పంపిస్తామా?" అని పాఠం మొదలుపెట్టారు. నవ్వడానికి వచ్చినవారిలో ఏడుగురు చివరిదాకా కూర్చుని దరఖాస్తులు పట్టుకెళ్ళారు. విద్యార్థుల నోట గురువారమ్మ అన్న పేరు ఆ సాయంత్రమే పుట్టింది. అప్పటినుంచి ఫెలోషిప్‌ను ఫెలోషిప్ అనే రాస్తున్నారు.

పదోన్నతులు సకాలంలో వచ్చాయి. బల్ల మారింది, బాధ్యతలు పెరిగాయి. గోష్ఠిని మాత్రం ఆమె ఎవరికీ ఒప్పగించలేదు. ఇలా ఉండగా రెండు వేల ఆరవ సంవత్సరంలో ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ కార్యక్రమానికైనా వరుసగా మూడు వారాలు ఇరవైమంది విద్యార్థులకు తక్కువగా హాజరైతే, దానిని రద్దుచేసి హాలును ఇతర అవసరాలకు కేటాయించవలెనని, సిబ్బంది హాజరు లెక్కలోకి రాదని దాని సారాంశం. మొదటి వారం పంతొమ్మిదిమంది వచ్చారు. రెండో వారమూ పంతొమ్మిదిమందే. గురువారమ్మ గారు వసతి గృహాల చుట్టూ తిరిగారు, క్యాంటీనులో బల్లబల్లకూ వెళ్ళి బతిమాలారు. అందరూ తప్పకుండా వస్తామన్నారు, తలూపినంత తేలిగ్గా మరిచిపోయారు.

మూడో గురువారానికి ముందురోజు పక్క బల్ల గుమాస్తా ఆమె అవస్థ చూడలేక, గొంతు తగ్గించి ఒక సలహా ఇచ్చాడు.

"ఒక్క సంతకం నేను గీకేస్తాను మేడమ్. ఏదో ఒక అడ్మిషన్ నంబరు వేసేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"లేని మనిషి సంతకం పెడితే ఆ కుర్చీలో ఎవరొచ్చి కూర్చుంటారండీ?" అన్నారామె. హాజరు పుస్తకం మూసి బల్ల మీద పెడుతూ, "వారం మొత్తంలో నాకు ఊపిరాడేది ఆ ఒక్క గంటేనండీ. అది పోతే నేనేమైపోతానో నాకే తెలీదు. అయినా సరే, దొంగ సంతకం వద్దు," అన్నారు.

ఆ గుమాస్తా మరెవరో కాదు, ఈ వ్యాసం రాస్తున్నవాడే. ఆనాటి సలహాకు సిగ్గుపడుతూనే, దాచుకోవడం ఇష్టంలేక ఇక్కడ నమోదు చేస్తున్నాడు.

మర్నాడు ఉదయం ఆమె అడ్మిషన్ల కౌంటరు ముందు వరుసలో నిలబడ్డారు. భూగోళశాస్త్రంలో సాయంకాలపు డిప్లొమాకు అదే ఆఖరి రోజు; ఆ నోటీసు రాసింది కూడా ఆమే. "మీ అమ్మాయికాండీ?" అని కౌంటరులోని ఉద్యోగి అడిగితే, "కాదండీ, నాకే," అన్నారు. ఉద్యోగి అయినందువల్ల రిజిస్ట్రారు గారి అనుమతి కావాలన్నారు. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసినవారే ఆ రిజిస్ట్రారు గారు.

"ఏమ్మా, నలభై దాటాక డిప్లొమా ఎందుకు?" అని అడిగారాయన.

"నిజం చెప్పేస్తాను సార్. సాయంత్రానికి ఇరవయ్యో విద్యార్థి కావాలి. ఎంత తిరిగినా దొరకలేదు. అందుకని నేనే చేరుతున్నాను."

"అంటే నన్నే బుట్టలో వేస్తున్నావన్నమాట!"

"బుట్టలో వేసేదాన్నైతే మీ దగ్గరికే ఎందుకొస్తాను సార్?"

ఆయన కాగితం తన ముందుకు లాక్కున్నారట. తరువాత కలం మూత తీస్తూ, "చేరాక చదవాలి మరి. పరీక్ష తప్పావో, పేరు కొట్టేయిస్తా," అన్నారు. ఆ సాయంత్రం హాజరు పుస్తకం చేతులు మారి మారి చివరికి ఆమె దగ్గరికి వచ్చింది. పంతొమ్మిది పేర్ల కింద తన అసలు పేరు, ఇంకా తడి ఆరని ప్రవేశ సంఖ్య, సంతకం. గోడకు ఆనుకుని నిలబడే మనిషి ఆ రోజు మొదటిసారిగా కుర్చీలో కూర్చున్నారు. ఆ వారం వార్తలు ఏమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. మాస్టారు ఏదో ఉత్తరాది సముద్రంలో మంచు విరిగి దారి తెరుచుకోవడం గురించి చెబుతుండగా, ఆమె కళ్ళు తుడుచుకోవడం మాత్రం మాలో ఇద్దరం చూశాం.

మాట ఇచ్చారు గనుక చదివారు. డిప్లొమా ముగిస్తే గోష్ఠికి ఇరవయ్యో మనిషి పోతుంది గనుక ఇంకొకటి చేరారు. ఆ విధంగా పంతొమ్మిదేళ్ళలో చరిత్ర, అనువాదం, గ్రంథాలయ శాస్త్రం, చివరికి ఒక ఎం.ఏ. పట్టా కూడా ఆమెను వరించాయి. కొన్నేళ్ళు హాలులో అరవైమంది ఉండేవారు, కొన్నేళ్ళు ఆమెతో కలిపితేనే ఇరవైమంది. ఆమె మాత్రం ఎందుకైనా మంచిదని ఏటేటా పేరు నమోదు చేయించుకుంటూనే వచ్చారు. ఒక ఏడాది కూతురుతోపాటు ఒకే హాలులో పరీక్ష రాస్తూ, ముందు బెంచీలో ఉన్న ఆ కూతురినే స్కేలు అడగబోతే, ఇన్విజిలేటరు "అమ్మాయిలూ, మాటలొద్దు!" అని గద్దించారట. వారి భర్తగారు, గడియారాలు బాగుచేసే ఆయన, ఈ సంగతి చెప్పి, "మా ఇంట్లో ఇద్దరూ చదువుకునేవాళ్ళే బాబూ, వండి పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే," అని మురిసిపోతూ వాపోతారు.

ఎందరినో ఎల్లలు దాటించిన గురువారమ్మ గారు తాము మాత్రం ఏ దేశమూ వెళ్ళలేదు. ఎందుకండీ అని అడిగితే, "వారం వారం వెళ్ళొస్తూనే ఉన్నానుగా, ఇంకా సామాన్లు సర్దుకోవడం కూడానా!" అని నవ్వేస్తారు. ఆ నవ్వులో కించిత్తు కొరత కూడా ఉందని మా అనుమానం. దానిని పొగిడి మాయం చేయడం మాకు ఇష్టం లేదు.

ఇక చెప్పక తప్పని విషయం ఒకటుంది. చూపు మందగించినందువల్ల, వైద్యుల మాట మీద, ఈ ఏడాది ఆమె ఏ కోర్సులోనూ చేరలేదు. ఉత్తర్వు మాత్రం నేటికీ అమలులోనే ఉంది. జూలై పదిహేడవ తేదీన గోష్ఠికి పంతొమ్మిదిమంది వచ్చారు. ఇరవై నాలుగున కూడా పంతొమ్మిదిమందే. ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక ఆమె హాజరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మసకబారుతున్న పటం వైపు చూస్తూ, "నేను దిగిపోయే రోజే ఇదీ మూతపడుతుందేమోనండీ," అన్నారు. విన్నవాడు ఒక్కడే, ఆనాటి పక్క బల్ల గుమాస్తా.

మరునాడు వాడు అడ్మిషన్ల కౌంటరు ముందు నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ళ వయసు. భూగోళశాస్త్రంలో సాయంకాలపు డిప్లొమా. అనుమతి పత్రం జత. "మీ అబ్బాయికాండీ?" అని అడిగారు. కాదన్నాడు. ఈ సంగతి గురువారమ్మ గారికి ఈ క్షణందాకా తెలియదు. ఈ పేజీ చదువుతూ తెలుసుకుంటున్నారు.

కనుక అమ్మా, ఈ మధ్యాహ్నం వీడ్కోలు సభ ముగిశాక నాలుగు గంటలకు మేడ మీదికి దయచేయండి. ఇరవయ్యో సంతకం పడుతుంది, దొంగది కాదు. మీకు ఇక హాజరు వేయనక్కరలేదు, కుర్చీలు లెక్కపెట్టనక్కరలేదు, పరీక్షల భయం లేదు. హాయిగా కూర్చుని కళ్ళు మూసుకోండి. మీ చూపు మీకు కలకాలం తోడుండాలనీ, మోకాళ్ళు ఆ మెట్లకు ఎన్నడూ అలవకూడదనీ, నిండు ఆరోగ్యంతో, పూర్ణాయుష్షుతో మీరు మా మధ్య ఊరికే వచ్చి వింటూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.