గోడమామ చల్లటి ఇల్లు

ఏమిట్రా, ఆ పాత ఇంటికి పైన తెల్లరంగు కొట్టిస్తావా? పడమటి గోడకి అవతల ఇంకో గోడా? ఇంజనీరు చెప్పాడా? చెప్తాడు, చెప్పడానికేం. అవన్నీ మా మేనమామ ఎప్పుడో చేసేశాడు. కూర్చో ముందు, నువ్వలా నిలబడితే నాకు మెడనొప్పి. దర్జీ ఆయన. పొద్దస్తమానం బొగ్గుల ఇస్త్రీపెట్టె ముందు ఉడికి ఇంటికొస్తే, ఇల్లు ఇంకో ఇస్త్రీపెట్టె. పెంకుల కప్పు, దాని కింద చెక్క అటక. ఎండలు ముదిరాయంటే అత్త పెట్టె సర్దేసేది. "ఈ కొలిమిలో నా వల్ల కాదు, వానలు పడ్డాక వస్తా" అని పుట్టింటికి చెక్కేసేది. మామకేమో ఆవిడ లేకపోతే పొద్దు గడవదు. పైకి అనడు. కానీ ఆ రోజుల్లో కుట్టిన చొక్కాలకి కుడి చెయ్యి ఎడమవైపు ఉండేది. మా నాన్న చొక్కా ఒకటి అలాగే... సరే, అది వేరే కథ.

ఓ ఏడాది పంతం పట్టాడు. కొట్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ సంచుల్లో కుక్కి అటక మీద పరుపులా పరిచాడు. ఊళ్ళో ఎవరు కొత్తబట్టలు కుట్టించుకున్నా వాటి కత్తిరింపులు మామ నెత్తి మీదే! పెంకులకి సున్నం కొట్టించాడు. పడమట ఇంకో గోడ లేపించి మధ్యలో ఖాళీ వదిలాడు. తాపీమేస్త్రీ పగలబడి నవ్వాడు, "మండుటెండల్లో ఇంటికి కోటు కుడుతున్నారేంటండీ!" అని. నవ్వనీ. నిజం చెప్పొద్దూ, ఇల్లు చల్లబడింది. మిట్టమధ్యాహ్నం గోడకి చెంప ఆనిస్తే ప్రాణం లేచొచ్చేది. గడప తొక్కినవాళ్ళందరి చేతా ఆనించేవాడు. "ఆనించండి, మొహమాటమెందుకు, మీ ఇల్లే అనుకోండి." అందుకే పిల్లలం గోడమామ అనేవాళ్ళం. ఆ ఏడు అత్త పెట్టె అటక దిగలేదు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఊరుకుంటాడా! పనిగట్టుకుని అత్తారింటికి వెళ్ళి, "ఇక మీ అమ్మాయి వేసవికి రాదండీ, మా ఇల్లు మీ ఇంటికన్నా చల్లన" అన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. వాళ్ళత్తగారు ఏమంది? "అలాగా నాయనా! అయితే మేమే వస్తాం."

వచ్చారు. ఆవిడా, ఆవిడ చెల్లెలూ, కోడళ్ళూ, పిల్లా జెల్లా. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడ వార చాపలు పరిచేశారు. మామకి మిగిలింది వీధి అరుగు. ఆ ఒక్క ఏడే అనుకున్నావేమో, ప్రతి ఏడూనూ! అత్త కిటికీలోంచి "లోపలికి రాకూడదూ" అనేది. "ఎక్కడికే, అటక మీదకా?" అనేవాడు. చెమటలు కారుతున్నా నవ్వు మొహమే. ఆవిడ గొంతు వినపడుతోంది కదా, అంతకన్నా ఏం కావాలి ఆయనకి. దారిన పోయేవాళ్ళని ఆపి మరీ, కిటికీలో చెయ్యి పెట్టి చల్లదనం చూడమనేవాడు. అందుకే చెప్తున్నా, ఇంజనీరు చెప్పినట్టే చెయ్యి గానీ, చల్లగా ఉందని మాత్రం ఎవరితోనూ అనకు.

పోవడం కూడా ఆ అరుగు మీదే పోయాడు. నడివేసవి. అన్నం తిని కునుకు తీశాడు, మళ్ళీ లేవలేదు. మొహం మీద ఎండ పడుతోందని నలుగురం ఎత్తి లోపలికి తీసుకెళ్ళాం. చుట్టాలు చాపలు చుట్టేసుకుని గోడ ఖాళీ చేశారు. అంతమంది ఒకేసారి లేవడం నేను చూడ్డం అదే మొదటిసారి. అత్త ఏడవలేదు. పక్కన కూర్చుని, ఆయన తల మెల్లగా జరిపి, చెంప గోడకి ఆనించింది. "ఇప్పటికి చోటు దొరికిందండీ" అంది. నాకైతే దుఃఖం ఆగలేదురా...

ఆ తలుపు దగ్గరికి వెయ్యి. వేడంతా లోపలికొస్తోంది.