జన్యువుల మాస్టారి వంతు

రక్తపరీక్షల గది బయట పరగడుపున కూర్చున్నవాళ్ళకి ఏ కబురూ రుచించదు. ఎదురుగా టీ కొట్టు, అందులోంచి గుప్పుగుప్పున వాసన, మాకేమో మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదని ఆజ్ఞ. కడుపులో ఎలకలు పరిగెడుతున్న ఆ పొద్దున్న మమ్మల్ని నవ్వించిన మనిషి జన్యువుల మాస్టారు. మా వీధి చివర పరిశోధనాలయంలో పనిచేసి రిటైరయ్యారు. షుగరూ బీపీ ఎవరికి ఎందుకొస్తాయి, తాతల నుంచి మనవలకి ఎలా దిగుతాయి అని బతుకంతా వెతికిన మనిషి. ఇప్పుడాయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. షుగర్ పరీక్ష చేయించుకుని రాకపోతే ఆపరేషన్ చెయ్యనని కంటి డాక్టరు తెగేసి చెప్పాడట. అందుకని వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"మన వంతే మొదటిది. పిలవగానే లేవండి" అందావిడ.

గాజు తలుపు తెరుచుకుంది. రక్తం తీసే అమ్మాయి తల బయటికి పెట్టి, "మొదట ఎవరండీ?" అంది.

"ఈ టీచరమ్మని పంపించమ్మా. బడికి ఆలస్యమైపోతుంది పాపం" అన్నారు మాస్టారు.

టీచరమ్మ ఏదో చెప్పబోయి, సరేలే అని లోపలికి వెళ్ళింది. వాళ్ళావిడ మొగుడి వంక ఓ చూపు చూసింది.

"నాకు సూదంటే చచ్చే భయమండీ" అన్నాడు నా పక్కనున్న లారీ డ్రైవరు, చొక్కా చెయ్యి మడుచుకుంటూ.

అంతే. మాస్టారు బెంచీ మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

"భయమేంటయ్యా డ్రైవరూ, సూది గుచ్చడం ఒక విద్య. మా పరిశోధనకి రక్తం కావాలి, ఒకరిదా ఇద్దరిదా, ఊళ్ళకి ఊళ్ళది! షుగరున్నవాళ్ళదీ కావాలి, లేనివాళ్ళదీ కావాలి, రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో చూడాలి. జనమేమో సూదిని చూస్తే పరుగో పరుగు. అప్పుడు నేనేం చేశాను? చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ కథ మొదలెట్టేవాణ్ణి. చెప్పీ చెప్పీ, మంచి పట్టులో ఉండగా 'ఆ తర్వాత ఏమైందో తెలుసా?' అని ఆపేవాణ్ణి. వాడు 'ఏమైందీ?' అని నోరు తెరిచేసరికి సీసా నిండిపోయేది. నొప్పి లేదు, గోల లేదు."

"ఇంతవరకూ నిజమేనండోయ్" అంది వాళ్ళావిడ. "కాకపోతే కథ ఈయనది, సూది వేరేవాళ్ళది."

"నువ్వుండవే! ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్ళకి పాకిపోయింది. ఒకాయన, కథ సగంలో ఆగిపోయిందని రెండో చెయ్యి కూడా చాపాడు. ఇంకొకాయన పెళ్ళాం పిల్లల్ని, అత్తమామల్ని, చివరికి అద్దె కోసం వచ్చిన ఇంటాయన్ని కూడా లాక్కొచ్చాడు. ఒక వస్తాదు ఉండేవాడు, గుమ్మంలో పక్కకి తిరిగితే గానీ లోపలికి రాలేడు, వాడు నా కథ వింటూ గురకపెట్టి నిద్రపోయాడు. లేచి, ఇంకో రెండు సీసాలు తీసుకోకపోతే కదలనని ఒకటే ఏడుపు."

"అంత రక్తం తీస్తే మనిషి పోడాండీ?" అన్నాడు డ్రైవరు.

"నా కథ వింటుంటే ఎప్పటికప్పుడు ఊరేదయ్యా!"

మళ్ళీ గాజు తలుపు. "తర్వాత ఎవరండీ?"

"ఈ డ్రైవరుని పంపించమ్మా. లారీ రోడ్డుకి అడ్డంగా పెట్టి వచ్చుంటాడు."

"లారీ షెడ్డులో ఉందండీ" అని గొణుక్కుంటూనే వెళ్ళాడు డ్రైవరు.

"ఏమండీ, ఇది రెండోసారి" అంది వాళ్ళావిడ.

"పెద్దరికం అంటూ ఒకటి ఏడిచిందే మనకి!" అని ఆవిణ్ణి కసిరి, మోచేతి మడతలో దూది నొక్కుకుని బయటికొచ్చి మళ్ళీ బెంచీ మీదే కూర్చున్న టీచరమ్మని పోల్చుకోవడానికి కళ్ళు చికిలించారు. "ఎవరూ, టీచరమ్మా? బడికి వెళ్ళలేదా?"

"ఇవాళ సెలవండీ. అది చెప్పేలోపలే మీరు పంపించేశారు. కథ వినేసి వెళ్తాను."

మాస్టారు ఒక్క క్షణం తగ్గినట్టే తగ్గి, రెట్టింపు లేచారు.

"విను మరి. సీసాలు చూసీ చూసీ నా అనుభవం ఎక్కడిదాకా పోయిందంటే, సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చాలు, మేనత్తకి బీపీ, చినతాతకి షుగరూ అని గడగడా అప్పజెప్పేవాణ్ణి. ఒకావిడ సీసా చూసి, 'అమ్మా, మీ అత్తగారికి కోపం ఎక్కువ' అన్నాను. బావురుమంది."

నేను దర్జీవాణ్ణి, ఎక్కడ కుట్టు తప్పినా ఊరుకోలేను. "అత్తగారి కోపం కోడలి రక్తంలోకి ఎలా వస్తుందండీ?" అన్నాను.

"రోజూ పీల్చేదిగా ఆ రక్తం! ఆవిడది కాస్తయినా అంటుకోదూ?"

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అసలు సంగతి ఇక్కడుంది. అందరూ ఏమనుకున్నారు? షుగర్‌కి ఒక్కటే జన్యువు, దాని జుట్టు పట్టుకుంటే పనైపోతుందనుకున్నారు. నేను మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూద్దును కదా, ఒకటి కాదు, వందలు! దేన్ని పట్టుకున్నా 'నాది చిటికెడు పాపమేనండీ, మిగతాదంతా ఆ పక్కదానిది' అంటుంది. పక్కదాన్ని నిలదీస్తే, 'నన్నంటారేం, రోజల్లా కూర్చుని తినమన్నది నేనా?' అని ఎదురుతిరుగుతుంది. పాలు పొంగిపోయిన రోజున తోడికోడళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకున్నట్టు."

"జన్యువులు మాట్లాడతాయాండీ?" అంది టీచరమ్మ.

"అడిగేవాడు అడగాలమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నిటినీ గాజు పలక మీద వరసగా నిలబెట్టి చెడామడా చీవాట్లు పెట్టాను. సిగ్గులేదూ, తరతరాలుగా ఒకే కొంపని పట్టుకుని వేళ్ళాడతారా, అని. తలలు వంచుకున్నాయి. మూటాముల్లె సర్దుకున్నాయి. తెల్లారేసరికి వీధి వీధంతా షుగర్ మాయం! డాక్టర్లు ఈగలు తోలుకున్నారు. మందుల కొట్టాయన కొట్టు ఎత్తేసి అదే గదిలో మిఠాయిలు పెట్టాడు. మూడు పూటలా మిఠాయే తిన్నా ఒక్కడికైనా షుగర్ వస్తే ఒట్టు."

ఈలోగా డ్రైవరు బయటికొచ్చాడు. వాడూ టీ కొట్టు వైపు చూశాడు గానీ కదల్లేదు. నా వంతు రాకుండానే మాస్టారు నన్ను తోశారు. "దర్జీని తీసుకోమ్మా, పెళ్ళి బట్టలు కుట్టాలి." ఎవరి పెళ్ళో నాకు తెలీదు. లోపల సూది గుచ్చుతున్నా నా చెవి మాత్రం బయటే ఉంది.

నేను తిరిగొచ్చేసరికి పరీక్షకి వచ్చినవాళ్ళలో దూది లేని మోచెయ్యి ఒక్కటే మిగిలింది.

"మాస్టారూ, ఇక మీరే" అంది అమ్మాయి.

"నాకెందుకమ్మా?" అన్నారాయన, గొంతు మాత్రం తగ్గించకుండా. "షుగర్ లేనివాళ్ళ రక్తం తక్కువైనప్పుడల్లా పరిశోధనాలయంలో ఉన్నవాళ్ళే తలా ఓ సీసా ఇవ్వడం మాకు మామూలు. అలా నా సీసాని అక్షరం అక్షరం చదివాం. ఏం రక్తమది! షుగర్ జన్యువు మచ్చుకైనా లేదు, బీపీది లేదు. దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలొచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నారు. మనిషంటే ఎలా ఉండాలో తెలియాలంటే ఆ సీసాకి దణ్ణం పెట్టుకోమని కుర్ర శాస్త్రవేత్తలకి చెప్పేవారు. అలాంటి రక్తానికి మళ్ళీ పరీక్ష పెడితే చిన్నతనం కదూ? పదవే, ఇంటికి పోదాం."

వాళ్ళావిడ లేవలేదు.

"ఆ సీసాలోది మా తమ్ముడి రక్తం" అంది.

డ్రైవరు బెంచీ మీద ముందుకి జరిగాడు.

"సూది కనిపించగానే ఈయన బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నారు. అప్పుడే భోజనం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాడు మా తమ్ముడు. వాణ్ణి కూర్చోబెట్టి, ఈయన పేరు రాసిన సీసా నింపించారు. దేశదేశాల వాళ్ళు మెచ్చుకున్నది మా పుట్టింటి రక్తాన్ని."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. టీచరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. మాస్టారు కూడా నవ్వబోయారు గానీ, భార్య గొంతు మారింది.

"నిన్న నేను గుమ్మంలో నిలబడితే 'ఎవరు కావాలమ్మా?' అని అడిగారు నన్ను. నవ్వేసి లోపలికొచ్చాను. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మీ రక్తం ఎలాంటిదైతే నాకేంటండీ? నాకు మీ కళ్ళు కావాలి."

"నువ్వని తెలిసే అన్నానే. సరదాకి" అన్నారు మాస్టారు. ఆ కోత మాత్రం ఆయనకే అతకలేదు. కాసేపు ఆవిడ మొహం ఉన్నవైపు చూసి, లేచి చెయ్యి చాపారు.

లోపల కుర్చీలో కూర్చోగానే కళ్ళు గట్టిగా మూసేసుకున్నారు. మేం ముగ్గురం తలుపు దగ్గరే నిలబడ్డాం. ఆవిడ ఆయన రెండో చెయ్యి పట్టుకుంది.

"ఇంతకీ ఆ మూటాముల్లె సర్దుకున్న జన్యువులు ఎక్కడికి పోయాయండీ?"

"ఎక్కడికి పోతాయే? రైలెక్కాయి" అన్నారాయన వణుకుతూ. "టిక్కెట్టు లేకుండా. టీసీ పట్టుకున్నాడు. నిలదీస్తే, 'నాది చిటికెడు టిక్కెట్టేనండీ, మిగతాది ఆ పక్కదాన్ని అడగండి' అంటుంది ఒక్కోటీ." గొంతు కాస్త నిలబడింది. "టీసీకి ఒళ్ళు మండి గొలుసు లాగేశాడు. రైలు వంతెన మధ్యలో ఆగింది. కింద నది. అప్పుడు అన్నిటికన్నా చిన్న జన్యువు కిటికీలోంచి బయటికి చూసి... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" అన్నాం ముగ్గురం ఒక్కసారే.

"సీసా నిండింది" అంది వాళ్ళావిడ.