ఇరవై నాలుగు గ్రాముల బాణం

ఏమిటీ? మళ్ళీ అను! బాణం వంకరా? నేను చేసిన బాణం వంకరా? ఇదుగో, బల్ల మీద దొర్లిస్తున్నాను, కళ్ళు పెట్టి చూడు. ఎక్కడైనా కుంటిందా? వంకరంతా నీ బుర్రలో ఉంది బావమరిదీ, బాణంలో లేదు.

నిలబడ్డావేం? ఆ ఈకల డబ్బా పక్కకి నెట్టి కూర్చో. తెల్లారిందగ్గర్నుంచి రెల్లుపొదల చుట్టూ తిరిగి కాళ్ళు పీకుతున్నాయా? అయ్యో పాపం! నీ కాళ్ళ సంగతి సరే, ఆ పంది భుజం సంగతో?

నెత్తురు ఎంతవరకు అంటిందో చూడు. నాలుగు వేళ్ళ మేర. అంతే! అడవిపందికి నాలుగు వేళ్ళంటే ఏమిట్రా? ఎండిన బురద, వెంట్రుకలు, తోలు, దాని కింద ఎముక. నీ బాణం ఆ ఎముక దాకా పోయి, నమస్కారం పెట్టి ఆగిపోయింది. పంది ఒక్క విదిలింపు విదిలిస్తే పొదలో రాలిపడింది.

తక్కెడలో పెడుతున్నాను. ఇరవై, రెండు, ఇంకో రెండు. ముల్లు నిలబడింది. ఇరవై నాలుగు గ్రాములు! కొసనున్న ఇనుప ములికితో సహా! నీ విల్లుకి ముప్పై అయిదుకి తగ్గకూడదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? గడ్డిబొమ్మకి కొట్టేవాటికి ఎర్రదారం, వేటవాటికి నల్లదారం. పసిపిల్లలకైనా తెలిసేలా కట్టి మేకులకి తగిలించానా, లేదా?

ఆఁ... వేగం! ఆ మాట వస్తుందని తెలుసు నాకు. "నావి రివ్వున పోతాయి బావా, నీవి పెళ్ళికి నడిచెళ్ళే ముసలమ్మల్లా పోతాయి." పోయిన వారం, ఈ గదిలోనే, విలుకాళ్ళందరి ముందూ అన్నావు కదూ? వడ్రంగి అయితే కడుపు పట్టుకుని మరీ నవ్వాడు.

ఒక సంగతి చెప్తా విను. ఒక మనిషి రెండు తోపుడుబళ్ళని ఒకే ఊపున తోశాడట. ఒకటి ఉత్తది, ఒకటి బస్తాలది. ఉత్త బండి గబగబా పరిగెత్తి, దారిలో రాయి తగిలి అక్కడే చతికిలబడింది. బస్తాల బండి మెల్లగా కదిలి, అదే రాయినెక్కి అవతలకి దిగింది. అంతేరా! విల్లు ఇచ్చే బలం ఒకటే. తేలికైన బాణం దాన్ని పరుగులోనే తగలేస్తుంది. బరువైంది లోపలిదాకా మోసుకెళ్తుంది.

తేలిక బాణం మోయలేక వదిలేసిన బలం ఏమవుతుందో తెలుసా? వింట్లోనే ఉండిపోయి టంగుమని మోగుతుంది. ఆ చప్పుడికే పంది ఉలిక్కిపడి తిరిగిందని నువ్వే అన్నావుగా! భుజం వెనక దిగాల్సింది భుజానికి తగిలింది. రివ్వున తగిలిందిలే, సంతోషించు.

తల ఊపకు. వినేటప్పుడు అందరూ ఊపుతారు.

ఇప్పుడు అది చావనూ లేదు, బతకనూ లేదు. ఆ రెల్లు పక్క దారినే కదా మిల్లు వదిలాక ఆడవాళ్ళంతా నడిచొచ్చేది? అందులో మీ అక్క లేదూ? దెబ్బతిన్న పంది మనిషిని చూసి పారిపోదురా, మీదికొస్తుంది. ఇంకా రెండు గంటల టైముంది. లే. నల్లదారం కట్ట అందుకో. ఆ దారిన ఎవరినీ పంపొద్దని మిల్లు కాపలావాడికి వెళ్తూ వెళ్తూ చెబుదాం. ఉండు, ములుకులకి పదును చూస్తాను.

ముందు నేను వెళ్తాను. నువ్వు నా వెనక పది అడుగుల దూరంలో ఉండాలి. నా మోకాలి సంగతి నాకు తెలుసులే, నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు.

ఎందుకేమిట్రా ఎందుకు! పంది నీది, బాణం నీది, గురి నీది. మరి ముందు నేనెందుకనేగా?

చెప్పమంటావా? సరే, విను.

ఇవాళ తెల్లవారుజామున నువ్వు ఎర్రదారం కట్ట తీసుకుని ఆ గుమ్మం దాటుతుంటే నేను ఇక్కడే, ఈ పీట మీదే ఉన్నాను. ఈకకి జిగురు రాస్తున్నాను. తలెత్తి చూశాను కూడా. భుజాన విల్లు, నడుముకి కత్తి. గడ్డిబొమ్మ కోసం ఎవడైనా కత్తి కట్టుకుంటాడా? నువ్వు వేటకే పోతున్నావని తెలుసు. "ఒరేయ్, ఆగు." రెండు ముక్కలు! నాలుక చివరిదాకా వచ్చాయి. నీ ముసలమ్మల మాట, వడ్రంగి నవ్వు గుర్తొచ్చాయి. మింగేశాను. పోనీలే, దెబ్బ తగిలితే గానీ వీడికి బుద్ధి రాదనుకున్నాను.

తగిలింది. నీకు కాదు, పందికి.

ఇందాకట్నుంచీ నేను అరుస్తున్నది నీమీదే అనుకున్నావా, పిచ్చివాడా? పద, పద. నన్ను తిట్టాలనుంటే నడుస్తూ తిట్టు. రెల్లు దాకా వింటాను. అక్కడినుంచి మాత్రం నోరు మెదపకు.