ఉయ్యాల గుంటల లోతు

హలో… ఆ, నేనే బాబాయ్… నీ పిచ్చుకనే. ఇంతకంటే గట్టిగా మాట్లాడలేను, నువ్వే కాస్త ఫోను చెవికి ఆనించుకో.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు… లేదు, అమ్మ చెయ్యమనలేదు. నా అంతట నేనే చేశాను… నవ్వకు బాబాయ్.

స్లాబు పనిలో ఉన్నావా?… నిచ్చెన మీదా? అయితే ముందు కిందికి దిగు. అక్కడ నిలబడి వినే మాట కాదు ఇది… దిగు, చెప్తాను.

దిగావా?

ఉయ్యాల కాలి దగ్గర నేల పగిలింది.

బడి పక్క ఆటస్థలంలోదే. ఇంకెక్కడుంది మనకి ఉయ్యాల… బడి వైపు కాలు. సిమెంటు కాదు, సిమెంటు దిమ్మ చుట్టూ మట్టి. నిన్న లేదు. సాయంత్రం వాన పడిందా, పొద్దున వచ్చి చూస్తే ఉంది. నా చిటికెన వేలు దూరింది.

ఆ… ఎక్కి చూశాను. ఎవరూ లేనప్పుడు కూర్చుని రెండుసార్లు ఊగాను. ముందుకి వెళ్ళినప్పుడు ఆ కాలు దిమ్మతో సహా పైకి లేచింది. వెనక్కి వచ్చినప్పుడు మళ్ళీ దిగింది. చప్పుడు కూడా వచ్చింది… గేదె బురదలోంచి కాలు పీక్కుంటే వస్తుందే, అలాంటిది.

కొంచెమే లేచింది. కొత్తది కదా, అదే సర్దుకుంటుందేమో… మామూలే అని ఒక్క మాట చెప్పు, పెట్టేస్తాను. అందుకే చేశాను.

…

హలో? ఉన్నావా?

గుంటలా?… వెల్డింగ్ అన్న తవ్వించాడు. నువ్వు ఆ ఊరు పనికి వెళ్ళిన మర్నాడే. నువ్వు చెప్పిన లోతే తవ్వించాడు. నా డైరీలో రాసిపెట్టాను కదా, ఉండు చదువుతాను… పేజీ రావట్లేదు… ఇదిగో. 'ఉయ్యాల కాళ్ళు నాలుగు. గుంటల లోతు రెండు.'

రెండు.

అంతే ఉంది బాబాయ్. పక్కన ఇంకేమీ లేదు. ఆ రోజు నీ నోటి నిండా మేకులున్నాయి. గుంట ఎంత అని మాస్టారు అడిగితే రెండు వేళ్ళు చూపించావు, నన్ను రాసుకోమన్నట్టు తల ఊపావు. రాసుకున్నాను.

తర్వాత అన్న వచ్చి, రెండంటే రెండు ఏంటమ్మా అన్నాడు. అడుగులని చెప్పాను… ఊళ్ళో అన్నీ అడుగుల్లోనే కదా చెప్తారు.

ఏం మూరలు?

నీ చేతి మూరలా…

మోచేయి నుంచి వేలి కొస దాకా. ఒక్కోటీ అడుగున్నర. అంటే… మూడు అడుగులు.

తెలుసు. నువ్వు టేపు పట్టవని తెలుసు. మన ఇంటి గోడ కూడా చేత్తోనే కొలిచావు, పక్కనే ఉండి చూశాను. ఆ రోజే అడుగుదామనుకున్నాను బాబాయ్. కానీ నీ చుట్టూ పదిమంది పెద్దవాళ్ళున్నారు. పెద్ద మాస్టారున్నారు. ఇంతమాత్రం తెలీదా అంటారేమోనని… డైరీ మూసేశాను.

ఏడవట్లేదు. ముక్కు కారుతోంది, అంతే.

పైనుంచి రెండు అడుగులూ పోసిన మట్టేనా? మరి ఆ స్థలమంతా ఇటుకల మట్టి కోసం తవ్విన పెద్ద గొయ్యి కదా, పూడ్చింది మనమే కదా… నేనూ రెండు వారాలు తట్టలు మోశాను. గట్టినేల దాని కింద ఉందా? అయితే కాళ్ళు అసలు గట్టినేలని తగలనే లేదా?

ఆ పైన అడ్డంగా వేసిన ఇనప దూలం ఎంత బరువుంటుంది?… వద్దులే. చెప్పకు.

ఎక్కుతారు బాబాయ్. ఇవాళే… ప్రారంభం వచ్చే వారం అన్నారు గానీ, వానలు ఎక్కువవుతాయని ముందుకి జరిపారు. నీకు అన్న చెప్తాడని మాస్టారు ఊరుకున్నారట, మాస్టారు చెప్పుంటారని అన్న ఊరుకున్నాడట.

మొదట పాల నాయనమ్మ. స్థలం ఇచ్చేటప్పుడే చెప్పిందిగా, ముందు తనే ఊగాలని. చిన్నప్పుడు అన్నదమ్ములు తన వంతు రానిచ్చేవాళ్ళు కాదట. పొద్దున్నించీ వచ్చినవాళ్ళందరికీ అదే చెప్తోంది. కొత్త చెప్పులు కూడా వేసుకొచ్చింది… అవును, మనిషి బరువే. ఆ మాటే అని అందరూ నవ్వుతున్నారు.

పిల్లలు వరసగా నిలబడ్డారు. దూలం కిందే నిలబడ్డారు బాబాయ్, దగ్గరగా చూడాలని. ఇరవై మంది దాకా ఉంటారు…

…ఆ. నీ బుజ్జి కూడా ఉంది. పిన్ని రెండు జడలు వేసి పంపింది. వరసలో మూడోది.

నేను మాస్టార్ల గదిలో ఉన్నాను. మైకు పెట్టెకి కాపలా ఉండమన్నారు, దాని ముందు ఎలాగూ మాట్లాడను కదా అని. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది… పాటా? ఆ, వీళ్ళు పెట్టిందే.

అన్నకి చెప్పాను. అంటే… చెబుదామని వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏంటమ్మా అన్నాడు. ఏం లేదన్నాను.

నువ్వే అన్నకి ఫోను చెయ్యి. నువ్వు చెప్తే వింటాడు… అవును, ఈ పాటలో ఫోను మోత వినపడదు. పోనీ నువ్వు బయల్దేరు… గంటా?

నాయనమ్మ చెప్పులు విప్పుతోంది బాబాయ్.

పరిగెత్తాలంటే గేటు దాకా చుట్టు తిరిగి వెళ్ళాలి. కిటికీలోంచి అరిస్తే ఎవరికి వినపడుతుంది? కంచం పక్కన కూర్చున్న అమ్మకే నా మాట వినపడదు.

మైకా?

…

వద్దు. నా వల్ల కాదు. క్లాసులో పాఠం చదవమంటేనే అక్షరాలు కనపడవు నాకు. అక్కడ ఊరంతా ఉంది. ఏమని చెప్పను? తప్పు నాదని కూడా చెప్పాలి కదా… రెండు నెలలు అందరూ రాళ్ళు ఏరారు, మట్టి మోశారు. నన్ను నమ్మి ఇచ్చిన పని రాసుకోవడం ఒక్కటే. అదే తప్పు రాశాను.

…

నీదీ ఉందా?… అవును, మేకులు తీసి చెప్పాల్సింది.

కూర్చుంది. నాయనమ్మ కూర్చుంది. గొలుసులు పట్టుకుంది. అన్న తొయ్యడానికి వెనక్కి వెళ్తున్నాడు.

ఎర్ర బొత్తామా? ఉంది. నొక్కితే పాట ఆగి మైకు పనిచేస్తుందా… బాబాయ్, నాకు భయంగా ఉంది. నువ్వు ఫోను పెట్టెయ్యవు కదా?

నొక్కాను.

ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు… అందరూ.

ఫోను బల్ల మీద పెడుతున్నాను. వింటూ ఉండు. పెట్టెయ్యకు.

…

అందరికీ… అది… నేను…

అన్నా, తొయ్యకు. ఉయ్యాల తొయ్యకు. పట్టుకో, కదలనివ్వకు.

పిల్లలందరూ గోడ వైపు వెళ్ళండి. నవ్వకండి, వెళ్ళండి. బుజ్జీ, నువ్వూ.

నాయనమ్మా, నీ వంతు ఎక్కడికీ పోదు, నీకే ఉంచుతాం. మెల్లగా ఒక కాలు కింద పెట్టు… ఇంకోటి కూడా… గొలుసులు వదిలెయ్యి.

దిగావా?

ఇంకా ఇవతలికి… ఇంకా.

గుంటల లోతు చాల్లేదు. బాబాయ్ రెండు మూరలు చూపించాడు, నేను రెండు అడుగులని చెప్పాను. అడగాల్సింది, అడగలేదు. కాలు లేస్తోంది, మాస్టారూ, వచ్చి చూడండి. మళ్ళీ తవ్వాలి.

…ఎవరు మాట్లాడేదా?

ఆ… నేనే.