నాలుగో మెట్టు కట్టె

గట్ల గోడ దిక్కు మొఖం పెట్టుకోని ఎన్ని రోజులు కూసుంటవే ఐలవ్వా? మూడు రోజులాయె! చాయ్ ఇస్తె తాగుతవు, గోలి ఇస్తె మింగుతవు, మాట మాత్రం లేదు. డాక్టరు కట్టు చేతికి కట్టిండా, నోటికి కట్టిండా?

సరే, వినకు. నేను పని చేసుకుంటనే మాట్లాడుత. నాలుగో మెట్టు కాడి రెయిలింగు కట్టెను మల్ల ఊడదీసిన. ఆ సుత్తె ఏడ పెట్టిన? ఆఁ, నా ఒళ్లెనే ఉన్నది. చూస్తున్నవా? చూడవు.

సిమెంటు మెట్లేసుకుందామని నువ్వన్నవు. మంథని దిక్కు పాతిల్లు కూలగొడుతుంటె, ఆ టేకు తెచ్చి కట్టె మెట్లే ఏస్తనని నేనే మొండికేసిన. ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల కప్పు కూలకుంట దిమ్మెలు నిలవెట్టినోన్ని, నాకు కట్టెపని రాదా అన్న. కాలనీ అంత ఇన్నది ఆ మాట.

పోయిన వారం ఈ కట్టె అడుగున పగిలి లొడలొడ ఊగుతుంటె, కట్టెపని చేసే వడ్ల జగదీశ్వర్‌ను పిలువుమని ఎన్నిసార్లన్నవు? నేనింటినా?

అప్పుడు నేనే పగిలిన కాడికి కోసేసిన. అడుగున చెక్క దూర్చి, సుత్తెతోని బిగగొట్టిన. బాయిల దిమ్మెను ఎట్ల బిగిస్తమో గట్లనే. కొట్టి చూస్తె ఖంగుమన్నది. ఖంగుమంటె ఇగ ఫికర్ లేదు మాకు! మేకు లేదు, గమ్ము లేదు. మీదికెల్లి బరువు పడితె దిమ్మె ఇంకా బిగుసుకుంటది గదా, మేకెందుకు?

థూ, నా తెలివి తెల్లార! రెయిలింగు మీద మీదికెల్లి ఎవలు బరువేస్తరు? మోకాళ్ల నొప్పులున్న మనిషి పక్కకే ఒరుగుతది. బట్టల బకెటు ఒక చేత, ఆ కట్టె ఒక చేత పట్టుకోని ఒరిగినవు. కట్టె జారె, నువ్వు జారితివి.

రేపు పొద్దుగాల్ల మీ అక్క మల్లక్క శ్రీరాంపూర్ కెల్లి వస్తదట గదా నిన్ను తీస్కపోను? ఈ మెట్లున్న ఇంట్ల ఇగ ఉండనన్నవట. నాతోని అనకుంట ఆమెతోని ఫోన్ల అన్నవు. మంచిదే. పో. ఎవలొద్దన్నరు?

జగదీశ్వర్ తానికి పోయి అడిగొచ్చిన. నవ్విండు. నవ్వనీ. అడుగున తొలిచి, గమ్ము పోసి, కట్టెను దిగగొట్టి, పక్కకెల్లి మేకు కొట్టుమన్నడు. గదే చేసిన. ఇగో, అయిపోయింది.

ఒక్క మాట చెప్పాలె ఐలవ్వా.

బాయిల దిమ్మె నిలవెట్టినంక ముందు నేనే దాని కింద నిలవడేటోన్ని. బాగుందంటెనే పక్కోన్ని రమ్మనేటోన్ని. ఒక్క షిఫ్టు తప్పలె. ఇంట్ల ఈ కట్టె మీద నేను ఒరిగి చూడలె. సుత్తె కింద పడేసి, అయిపోయింది పో, బట్టలు ఆరేసుకో అని నిన్ను పంపి టీవీ ముందల కూసున్న. నా తప్పే. మాటలు రాక కాదు, సిగ్గయి చెప్పలె.

ఇగో, ఇప్పుడు నేనే ఒరుగుతున్న. మొత్తం బరువేసి. ఇటు చూడు, ఒక్కసారి.

ఏందీ? ఏమన్నవు? గమ్ము ఆరిందా అంటవా?

ఆరలేదే. రేపు పొద్దూకేదాక ఆరదు. మీ అక్కను ఎల్లుండి రమ్మనరాదు?