ఈము మింగిన బీరువా తాళం

తాళంచెవి పోయిన రోజు, మధ్యాహ్నం మూడు గంటల వేళ. జంతువుల్ని చేత్తో తాకి, తినిపించి చూసే ఒక చిన్న పార్కు. ఈము పక్షి కంచె ముందు ముగ్గురున్నారు: స్కూలు మాస్టారు, ఆయన కూతురు, అక్కడి జంతువుల్ని చూసుకునే మనిషి.

“మింగేసిందా?”

“మింగింది.”

“నాన్నా, సరిగ్గా చెప్పు. మన బీరువా తాళంచెవిని ఈ పక్షి మింగేసిందా?”

“అదే చెప్తున్నానుగా అమ్మా. మింగింది. పైన నాలుగు గుక్కల నీళ్ళు కూడా తాగింది.”

“అయ్యో అయ్యో అయ్యో! ఎంత పనైంది మాస్టారూ! నేనటు తిరిగి కుందేళ్ళకి రెండు క్యారెట్లు వేసొచ్చేలోపల! బోర్డు చూళ్ళేదా మీరు? ఉంగరాలు, గుండీలు, తాళాలు జాగ్రత్త అని ఇంతింత అక్షరాలతో రాశాం.”

“చూశాను బాబూ. రెండుసార్లు చదివాను. జాగ్రత్తకి ఒత్తు లేకపోతే సుద్దముక్కతో పెట్టాను కూడా.”

“పార్కుకి సుద్దముక్క తెచ్చుకున్నావా నాన్నా?”

“తెచ్చుకోలేదు. జేబులో ఎప్పుడూ ఉంటుంది.”

“ఇన్‌స్పెక్టరుగారూ! ఏదీ, నోరు తెరవండి... తెరవండి బాబూ, మా నాయన కదూ... ఊహూఁ. దిగిపోయింది.”

“ఎవరండీ ఇన్‌స్పెక్టరు?”

“ఇదేనమ్మా, ఈ ఈము పక్షే. వచ్చినవాళ్ళ జేబులన్నీ తనిఖీ చేస్తుందని ఆ పేరు పెట్టాం.”

“పోలిక ఉంది. మా స్కూలుకి ఒకాయన వచ్చేవాడు. ఇలాగే మెడ చాచి, ఒక్క ముక్క మాట్లాడకుండా అందరి టిఫిన్ డబ్బాల్లోకీ చూసేవాడు.”

“నాన్నా, ఇప్పుడు కబుర్లొద్దు. సాయంత్రం ఐదింటికి పిన్ని వస్తుంది. రేపు పొద్దున్నే నేను బండెక్కాలి. ఎనిమిది నెలల నుంచీ ఇదిగో తెరుద్దాం, అదిగో తెరుద్దాం అంటున్నావు. ఈ ఆదివారం తప్పకుండా తెరుస్తానని ఫోన్లో మాటిచ్చావు.”

“ఇచ్చాను.”

“మరి?”

“తాళంచెవి లేదుగా.”

“అసలు ఎలా పోయింది? చేతిలోంచి జారిందా?”

“చేతిలోంచే వెళ్ళింది.”

“నేనడిగింది జారిందా అని.”

“దాని ముక్కు మహా వేగంగా ఉంటుందమ్మా. రెప్పపాటు.”

“సరేలే. తాళాలు బాగుచేసే అతన్ని పిలుద్దాం.”

“ఆదివారం కొట్టు తెరవడు. ఫోన్ చేసినా రాడట.”

“నీకెలా తెలుసు?”

“కనుక్కున్నాను.”

“ఎప్పుడు?”

“పొద్దున.”

“పొద్దున తాళంచెవి నీ జేబులోనే ఉందిగా! పొద్దున ఎందుకు కనుక్కున్నావు?”

“ఊరికే. వాళ్ళ అబ్బాయి మన స్కూల్లోనే ఏడో తరగతి. లెక్కల్లో కాస్త వెనకబడ్డాడు.”

“అమ్మా, మీ లెక్కలు తర్వాత చూసుకోండి. ముందు నా పక్షి సంగతి చూడాలి. మాస్టారూ, ఎంతుంటుంది ఆ తాళంచెవి?”

“రెండంగుళాల పావు.”

“కొలిచారా?”

“స్కేలు పెట్టి చూశాను.”

“గుత్తితో సహా మింగిందా? రింగులూ గొలుసులూ ఉంటే ప్రమాదమండీ, గొంతులో అడ్డం పడతాయి.”

“లేదు లేదు. గుత్తిలోంచి విడిగా తీసేశాను. మొనల మీద ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. గీసుకోకుండా అరటిపండు ముక్కలో పూర్తిగా కప్పి... కప్పి...”

“కప్పి?”

“నాన్నా. కప్పి?”

“అరటిపండంటే దానికిష్టమని బోర్డు మీద ఉందమ్మా.”

“అరటిపండులో పెట్టి తినిపించావా!”

“పక్షికి ఇబ్బంది కాకూడదని.”

“మాస్టారూ! చదువుకున్నవారు! పిల్లలకి బుద్ధులు చెప్పేవారు! నా ఇన్‌స్పెక్టరుకి ఇనుము తినిపిస్తారా? ఆ గుంపుగా వచ్చిన చిన్నపిల్లలు చూడండి, ఒక్కడు కంచె లోపల చెయ్యి పెట్టాడా?”

“తప్పే బాబూ. మన్నించు. దానికేమీ కాదుగా? నిజం చెప్పు.”

“కాదనే అనుకుంటున్నా. ఇంతకంటే పెద్దవే మింగింది. రేపు పశువుల డాక్టరుగారొచ్చి చూస్తారు. అయినా మీ క్లాసులో ఎవడైనా ఇలాంటి పని చేస్తే మీరేం చేస్తారు?”

“ఇంకెప్పుడూ చెయ్యనని వందసార్లు రాయిస్తాను.”

“అదిగో ఆ గోడ. సుద్దముక్క మీ దగ్గరే ఉంది.”

“న్యాయమే. రాస్తాను.”

“రాస్తావు, రాస్తావు. ముందు నాకు జవాబు చెప్పు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషివి, ‘పదమ్మా, అలా జంతువుల్ని చూసొద్దాం’ అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేనేమో మా నాన్నకి మళ్ళీ నలుగురిలోకి రావాలనిపిస్తోందని పిన్నికి ఫోన్ చేసి చెప్పి మురిసిపోయాను.”

“కుందేళ్ళు బాగానే ఉన్నాయి.”

“మాట మార్చకు. ఏమండీ, ఆ తాళంచెవి ఎప్పుడు బయటికొస్తుంది?”

“మన అదృష్టం బాగుంటే ఎల్లుండి. కందనకాయలో ఇరుక్కుంటే నెల, రెండు నెలలు. చెప్పలేం. అసలు రాకపోనూవచ్చు. ఒకసారి ఒక డ్రిల్లు మాస్టారి ఈల మింగింది. నలభై రోజులుంది లోపల. పరిగెత్తినప్పుడల్లా మోగేది.”

“ఊరుకోండి!”

“ఒట్టమ్మా. ఆ నలభై రోజులూ జనం ఎగబడ్డారు. ఈల బయటికొచ్చాక మా యజమాని మొహం మాడ్చుకున్నాడు.”

“రాకపోనూవచ్చన్నారు చూడండి, మా నాన్న మొహం ఎలా విప్పారిందో. నాన్నా, నవ్వకు.”

“నవ్వలేదమ్మా. ఎండకి కళ్ళు చికిలించాను.”

“రాకపోవడం తక్కువేలెండి. నా దగ్గర జల్లెడ ఉంది.”

“జల్లెడా?”

“రోజూ పొద్దున్నే దీని రెట్ట జల్లెడ పడతాను. ఇంట్లో పిండి జల్లెడేలెండి. మా ఆవిడకి చెప్పకండి, కొత్తది కొనిచ్చాను. దొరికిన ప్రతి వస్తువూ కడిగి, తారీకు రాసిన చీటీ కట్టి డబ్బాలో దాస్తాను. ఎవరిదో ఏమో, అడిగితే ఇవ్వాలి కదా. ఉండండి, తెస్తాను.”

“అక్కర్లేదు బాబూ. నీకెందుకు శ్రమ.”

“శ్రమేముంది మాస్టారూ, పక్కనే.”

“వద్దన్నానా.”

“ఎందుకు వద్దు నాన్నా? అంత కంగారెందుకు? తెండి, తెండి. చూద్దాం.”

అతను రేకు డబ్బా తెచ్చి కంచె పక్క బల్ల మీద బోర్లించాడు.

“ఇదిగో ఈల. ఇది గాజుపూస. ఇవి కోటు గుండీలు, పన్నెండు. ఇది కట్టుడు పన్ను. దీని తాలూకు పెద్దాయన వచ్చాడమ్మా, చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి, ‘వద్దులే, కొత్తది కట్టించుకున్నా’ అని పెట్టేసి వెళ్ళాడు. ఇది చెవిటి మిషను.”

“పాపం, వాళ్ళకి వినపడొద్దూ?”

“ఆవిడే అన్నారు, అది పోయాక ఇంట్లో మనశ్శాంతిగా ఉందని. ఇదేమో తాళంచెవి. కిందటేడు చలికాలంలో దొరికింది.”

“ఏదీ, ఇలా ఇవ్వండి... నాన్నా.”

“ఊఁ.”

“దీని మీద ఎర్రచుక్క ఉంది.”

“ఉంటే ఉంటుంది. చాలామంది పెట్టుకుంటారు.”

“గోళ్ళరంగు చుక్క. బీరువా తాళాలకి ఎర్రది, వంటింటి అల్మరాకి గులాబీది. ఇది అమ్మ పెట్టిన చుక్క. ఇది మన బీరువా రెండో తాళంచెవి! పోయిందన్నారు కదా నువ్వూ అమ్మా?”

“పోయింది. నేను అబద్ధమాడలేదు. ఎక్కడికి పోయిందని నువ్వడగలేదు.”

“అంటే... ఈ పక్షి తాళాలు మింగుతుందని నీకు ముందే తెలుసు!”

“మింగుతుందని తెలుసు. జల్లెడ ఉందని తెలీదు.”

“ఆగండాగండి. కిందటేడు, చలికాలం, తాళంచెవి... మాస్టారూ, పామావిడ మీవాళ్ళా?”

“పామావిడేంటండీ?”

“మేమలా చెప్పుకుంటాం లేమ్మా. ఎంత పెద్ద మగాడైనా ఇక్కడి కొండచిలువని మెడలో వెయ్యగానే కెవ్వుమంటాడు. ఆవిడ దాని ఒళ్ళు నిమిరి, ‘ఇంత చల్లగా ఉందేంటి బాబూ, దీనికి ఒంట్లో బాగుందా? ఏమైనా కప్పరాదూ?’ అన్నారు. పాములు చల్లగానే ఉంటాయమ్మగారూ అంటే వింటేనా! ‘నువ్వు స్వెట్టరేసుకుని అది చల్లగా ఉంటుందంటావేం’ అని నన్నే దులిపేశారు.”

“అమ్మే. అచ్చం అమ్మే.”

“భుజమ్మీద ఆకుపచ్చ శాలువా తీసి దానికి కప్పేశారు. అది బాగానే ఉందనుకుందో ఏమో, లోపలికి చుట్టుకుపోయి గంటన్నర బయటికి రాలేదు. శాలువా విడిపించడానికి నలుగురం పట్టాం. ఉతికిస్తామన్నా వినకుండా ఆవిడ అదే కప్పుకుని, ఇక్కడికొచ్చి ఇన్‌స్పెక్టరుకి గింజలు పెడుతూ నిలబడ్డారు. నడుముకి తాళాలు వేలాడుతున్నాయి. ఇది టక్కున ఒకటి లాగేసింది.”

“ఏడ్చిందా అమ్మ?”

“ఏడవడమా! నవ్వలేక బల్ల మీద కూలబడ్డారు. ‘మా ఆయనకి చెప్తే నమ్మడు, ఋజువేది అంటాడు’ అన్నారు. వెంట ఒకాయన వచ్చాడు గానీ లోపలికి రాలేదు. ఎండా లేదు, వానా లేదు, గేటు బయట గొడుగేసుకుని నిలబడ్డాడు. ఎవరో పిరికాయన.”

“నేనే.”

“అయ్యో. క్షమించండి మాస్టారూ.”

“ఫర్వాలేదు. సరిగ్గానే చెప్పావు.”

“మరి ఆవిడ రాలేదేం ఇవాళ? కొండచిలువ గుడ్లు పెట్టింది, చూస్తే సంతోషిస్తారు. తీసుకురావలసింది.”

“మా అమ్మ లేదండీ. ఎనిమిది నెలలైంది.”

“అయ్యయ్యో... తెలీదమ్మా. మాస్టారూ, నేను ఆ... కుందేళ్ళ దగ్గరికి వెళ్ళొస్తాను.”

“క్యారెట్లు వేశావుగా.”

“మళ్ళీ వేస్తాను.”

“మంచివాడు. చూడమ్మా, ఆ బస్తాలో ఇంకా క్యారెట్లున్నా ఇతను వట్టి చేతుల్తో...”

“నాన్నా.”

“ఊఁ.”

“ఈ తాళంచెవి పట్టుకో.”

“కడిగాడంటావా?”

“కడిగాడు. చీటీ కూడా కట్టాడు. పట్టుకో. నాకు నీ మీద కోపం లేదు. నవ్వొస్తోంది. ఉప్పుకాగితం పెట్టి రుద్దడమేంటి నాన్నా, ఉప్పుకాగితం!”

“దాని గొంతు సన్నం.”

“అమ్మ చీరలు పిన్ని సర్దుతుంది. నేను చూసుకుంటాను. నువ్వు అవతలి గదిలో కూర్చో, ఇటు చూడకు. నీకు కావలసినవి అలాగే ఉంచేద్దాం. ఒక్క చీర నేను పట్టుకెళ్తాను, అంతే.”

“నువ్వు తియ్యకు.”

“నాన్నా, మళ్ళీ మొదలుపెట్టకు...”

“వద్దనడం లేదు. పద, వెళ్దాం. ఐదింటికల్లా ఇంట్లో ఉందాం. కానీ బీరువా నేను తీస్తాను. మీ అమ్మ తియ్యమన్నది నన్ను.”

“ఎప్పుడు తియ్యమంది?”

“ఆ రోజు పొద్దున. ఆసుపత్రికి వెళ్ళడానికి గంట ముందు. మంచం మీద నుంచి పిలిచి, ‘చలిగా ఉందండీ, నా ఆకుపచ్చ శాలువా తీసివ్వండి’ అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఇంకా నాలుగే ఉన్నాయి, అవగానే ఇస్తానన్నాను.”

“నాన్నా...”

“‘నేనే పామునైతే ఈపాటికి కప్పేదాన్ని’ అని నవ్వింది కూడా. నాలుగూ దిద్దేశాను. మార్కులు కూడా వేశాను. శాలువా ఇంకా తీసివ్వలేదు.”